వెలుగు కుదిరేదాకా

ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు మా భీమశంకరం మాస్టారికి లేదు. తునిలో నలభై ఏళ్లు స్టూడియో నడిపి, మా అందరికీ కెమెరా పట్టుకోవడం నేర్పిన మనిషి. అడిగినవాడికి ఏదో ఒకటి చేసి చూపిస్తారు. అది మన నెత్తికి ఎప్పుడు చుట్టుకుంటుందో తెలీదు.

ఆ వేసవిలో నా తోటి శిష్యుడు అబ్బులు తన పెరట్లో పంచదార నీళ్ల సీసా వేలాడదీశాడు. ఎండలకి చుట్టుపక్కల ఒక్క పువ్వు మిగల్లేదు. ఒక తేనెపిట్ట ఆ సీసాకే అలవాటు పడింది. మావాడు ఊరుకున్నాడా? పొద్దున్నే సీసా తీసేసి, సాయంత్రం నీరెండ పడ్డాక మళ్లీ తగిలించేవాడు. ఆకలి మీదున్న పిట్ట రెక్కలాడిస్తూ గాల్లోనే నిలబడి తాగేది. ఫొటో అద్భుతంగా వచ్చింది, ఒప్పుకోవాలి. మాస్టారి శిష్యుల ప్రదర్శనలో గోడమీద ఇంకొక్క ఫొటోకే చోటుంది. మూడేళ్లుగా అబ్బులుది ఒక్కటీ ఎక్కలేదు, పాపం.

"కాసేపు ఆకలితో ఉంచితే తప్పా మాస్టారూ? తర్వాత పెడుతున్నాగా!" అని ఫొటో చూపిస్తూ అడిగాడు.

"రేపు మా ఇంట్లో భోంచేద్దువుగాని రా" అన్నారు మాస్టారు. నన్నూ రమ్మన్నారు.

మాస్టారి భార్య సుందరమ్మగారు ఆకులు వేసి వేడన్నం, ముద్దపప్పు, దోసావకాయ వడ్డించారు. అబ్బులు చెయ్యి పెట్టబోయాడు. ఎదురుగా కెమెరా బిగించుకుని కూర్చున్న మాస్టారు "ఆగరా, వెలుగు ఇంకా కుదరలేదు" అన్నారు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. అన్నం చల్లారిపోయింది. వాడి మొహం కందగడ్డలా అయింది.

"ఆకు ముందు కూర్చోబెట్టి ఇదేం పని మాస్టారూ!"

"కాసేపేగా. తర్వాత పెడతాంగా" అన్నారాయన.

సుందరమ్మగారికి ఒళ్లు మండిపోయింది. "మీ పాఠాలు తగలెయ్య! నువ్వు తిను నాయనా" అంటూ మళ్లీ వేడన్నం పెట్టారు. నాకైతే ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది. అబ్బులు ముద్ద కలిపి, నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "సీసా ఇంకా లోపలే ఉందండీ" అని లేచి, చెయ్యి కడుక్కుని, ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వాడు సీసా తియ్యలేదు. ఆదివారం ఇంకో ఫొటో పట్టుకొచ్చాడు. పిట్ట మనకి వీపు పెట్టి, సీసా అంచున తీరిగ్గా కూర్చుని తాగుతోంది. తోక కాస్త మసకబారింది కూడా.

"మొహమే కనపడట్లేదు మాస్టారూ, ఇది పనికిరాదు లెండి" అన్నాడు వాడు దిగులుగా.

మాస్టారు స్టూలెక్కి, ఖాళీగా ఉన్న చోట తనే మేకు కొట్టి ఆ ఫొటో తగిలించారు.

"తినేవాళ్లు మనవైపు చూడాలని ఏముందిరా?" అన్నారు.