అంతర్జాతీయ శనక్కాయల మహాసభ

అనంతపురం దాటి చెరువు వైపు నడిస్తే అన్నీ ఎర్రనేల చేలే. రైతులు వేరుశనగ చెట్లు పీక్కుపోయాక మట్టిలో తెగి మిగిలిపోయే కాయలన్నీ అక్కడి జంతువులవి. వాటిని ఏరడంలో కొక్కమ్మ అనే పందికొక్కును మించినవాళ్ళు లేరు. ఆ ఏడాది ముక్కు అరిగేలా తవ్వి కలుగు నిండా కాయలు దాచింది. మళ్ళీ వానలు పడేదాకా పిల్లలకు అదే తిండి, ఇంకో ఆధారం లేదు.

ఆ చేను గట్టునే ఒక నక్క ఉండేది. దానికి శనక్కాయల మీద ప్రేమేం లేదు. దాని కన్నంతా ఏటా చలికాలంలో హిమాలయాల అవతలి నుంచి వచ్చి చెరువులో దిగే బాతుల మీద. ఒక్కోటీ బలిసి నిగనిగలాడుతుంటుంది, కానీ నీళ్ళ నడుమ ఉంటే ఏం లాభం? వాటిని గట్టెక్కించాలంటే ఏదో ఒక ఘనకార్యం పెట్టాలి. మన దగ్గర ఘనకార్యమంటే ఏముంది, మహాసభే కదా. వచ్చేది పరాయి దేశం వాళ్ళు కాబట్టి ముందు అంతర్జాతీయ అని కూడా తగిలించింది.

మొదట గాడిదను పట్టుకుంది. నువ్వే అధ్యక్షుడివి మావా, ఎంతసేపైనా మాట్లాడుకో, మధ్యలో ఒక్కరూ లేవకుండా నాదీ పూచీ అంది. గాడిదకు జన్మలో ఎవరూ ఇవ్వని మాట అది. తర్వాత చేనికాడి కుక్కను అడ్డు తప్పించాలి కాబట్టి, దాని మెడలో ఒక బ్యాడ్జీ వేసి, అతిథులకు స్వాగతం చెప్పమని రైల్వే స్టేషన్‌కు పంపింది. బాతులు రైల్లో ఎందుకొస్తాయని ఆ కుక్క అడగలేదు. బ్యాడ్జీ పడగానే బుర్ర పనిచేయడం మానేసే ఇలాంటివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట.

చివరికి నక్క కొక్కమ్మ కలుగు దగ్గరికి వచ్చింది.

"అక్కా, శనక్కాయల సభలో శనక్కాయ లేకుంటే దేశదేశాల వాళ్ళ ముందు మన పరువేం కావాల?"

"దానికి నా కాయలే దొరికినాయా? అది పిల్లల తిండప్పా."

"తినేదానికి కాదక్కా, చూసేదానికి. ప్రదర్శన అంటారు దాన్ని. సాయంత్రానికి ఒక్క కాయ తగ్గకుండా మళ్ళీ నీ కలుగులో పోయిస్తా. ఊరికే అడుగుతానా, ఆహ్వాన సంఘం అధ్యక్షురాలివి నువ్వే."

వద్దని చెప్పబోయిన కొక్కమ్మ ఆ మాట దగ్గర ఆగిపోయింది. "వేదిక మీద కుర్చీ ఉంటాదా?" అని అడిగింది. ముందు వరసలోనే అంది నక్క.

అంతే, కలుగు ఖాళీ అయింది. తల్లీ పిల్లలూ కలిసి కాయలన్నీ మోసుకొచ్చి వేదిక పక్కన కుప్ప పోశారు. ఆఖరి పిల్ల ఒక కాయ నోట్లో పెట్టుకోబోతే కొక్కమ్మ దాని వీపున ఒకటి అంటించింది, ప్రదర్శన కాయ ముట్టుకోకూడదని.

ఇక సన్నాహక సమావేశాలంటే అడక్కండి. బ్యానర్ ఏ రంగులో ఉండాలి, దండలు ఎవరికి ముందు పడాలి, భోజనాల్లో వంకాయ ఉండాలా వద్దా, అన్నీ తెగేదాకా చర్చించారు. ఇంతకీ శనక్కాయల గురించి ఏం మాట్లాడతామని ఒక కుందేలు అడిగితే, దానికి ఉపసంఘం వేద్దాంలే అని గాడిద కూర్చోబెట్టింది.

సభ రోజు బాతులు గుంపుగా దిగాయి. ముందు నడుస్తున్న పెద్ద బాతు ఎన్నో దేశాల మీదుగా ఎగిరిన ప్రాణం. ఇట్లాంటి సభలు దానికి కొత్త కాదు. కాయల కుప్పను చూసింది. చేనికి కాపలా కుక్క లేకపోవడం చూసింది. మూతి నాక్కుంటున్న నక్కను ఇంకాస్త ఎక్కువసేపు చూసింది.

"సభ పెట్టిన పెద్దమనిషి వీరేనా? ముందు వారిని సన్మానించాలి. అది మా ఆచారం" అంది.

నక్కను నడుమ కుర్చీలో కూలేశారు. దండల మీద దండలు, శాలువల మీద శాలువలు పడ్డాయి. ముక్కు తప్ప ఏమీ కనబడకుండా పోయింది. అప్పుడు పెద్ద బాతు గాడిద వైపు తిరిగి, "అధ్యక్షులవారి ఉపన్యాసం వినాలనే ఇంత దూరం వచ్చాం. తింటూ వింటాం, తప్పు లేదు కదా" అంది వినయంగా. గాడిదకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

బాతులు కుప్ప మీద పడ్డాయి. నక్క ఎలాగో శాలువల్లోంచి లేవబోయింది. గాడిద ప్రసంగం ఆపకుండానే వెనక్కాలు ఎత్తి చూపించింది.

"కూర్చో. ఎవరూ లేవరని పూచీ పడింది నువ్వే కదా."

ముందు వరసలో కొక్కమ్మ చూస్తూనే ఉంది. మొదట రుచి చూస్తున్నారులే అనుకుంది. కుప్ప సగమయ్యాక అరవాలనిపించింది, కానీ అధ్యక్షురాలు లేచి అరిస్తే నలుగురూ ఏమనుకుంటారోనని కుర్చీని గట్టిగా పట్టుకుని కూర్చుంది. కూర్చునే ఉంది, ఒక్కో బాతూ కడుపు నింపుకుని చెరువులోకి ఎగిరిపోయేదాకా. ఆఖరున పెద్ద బాతు వేదికకు తలవంచి, "ఇంత మంచి ఏర్పాట్లు మేం ఎక్కడా చూడలేదు" అని తానూ ఎగిరింది.

పొద్దు వాలాక గాడిద ముగించి, సభ దిగ్విజయమైందని తీర్మానం చేద్దాం, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అంది. అందరూ ఎత్తారు. ఆకలితో లుంగలు చుట్టుకుపోతున్న నక్క కూడా ఎత్తింది. కొక్కమ్మ కూడా ఎత్తింది.

తర్వాత నక్కను నిలదీసింది. "నా కాయలేవి తమ్ముడూ?"

"నీ కాయలదేముంది లేక్కా, నా బాతులే పోయినాయి" అంది నక్క ఏడుపు గొంతుతో, శాలువలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది. ఈ సభ ఎందుకు పెట్టారో కొక్కమ్మకు అప్పటికి గానీ తెలియలేదు.

ఇంటికి వెళ్తే పిల్లలు ఎదురొచ్చారు. సభ బాగా జరిగిందా అమ్మా అని ఆఖరిది అడిగింది. బాగానే జరిగింది నాయనా అని, కొక్కమ్మ ఖాళీ కలుగు గోడకు ముఖం తిప్పుకుని ఏడ్చింది.

చెప్పొచ్చేదేమంటే, పదవి పట్టుకుని ఎవరైనా మీ గుమ్మం తొక్కితే, ముందు ఇంట్లో తిండి ఎక్కడుందో చూసి అక్కడ తాళం వేసుకోండి.