చేతిలో కంప్యూటరు, అందని మాట

తణుకులో ముకుందం అని ఒక నాటకాల ప్రాంప్టరు ఉండేవాడు. ఎవరు ఏది అడిగినా సరే, 'నాకు తెలియదు' అనే మాట మాత్రం అతని నోట వచ్చేది కాదు.

ప్రాంప్టరంటే ఎవరో ముందు చెప్పాలి. నాటకం ఆడేటప్పుడు నటులు మాట మరిచిపోతే, పక్కతెర చాటు నుంచి ఆ మాటను మెల్లగా అందించేవాడు. అతను ప్రేక్షకులకు కనబడకూడదు, వినబడకూడదు. ముకుందం ఈ పని బాగానే చేసేవాడు, ఉన్నమాట దాచడమెందుకు? అతని గొంతు నటుల చెవి దాకా వెళ్లేది, ముందు వరుసకు చేరేది కాదు. చిక్కంతా తెర బయటే వచ్చేది. తను ఎన్నడూ వెళ్లని ఊరికి కూడా దారి చెప్పేవాడు. జ్వరమంటే మందు చెప్పేవాడు, నీళ్ల మోటారు ఆగిపోతే కారణం చెప్పేవాడు. అతను చెప్పిన దారిన పోయి ఊరంతా చుట్టి వచ్చినవాళ్లు మళ్లీ అతన్నే అడిగేవారు. అంత ధీమాగా చెప్పేవాడు మరి.

అతను పనిచేసే చిరుగాలి నాటక సమాజంలో హైమావతి అనే పెద్దావిడ ఉండేది. ఒకప్పుడు నాటకంలో ఆమె ఉందంటే చాలు, జనం కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడి చూసేవారు. ఆ మధ్య పెద్ద జ్వరం చేసి లేచాక ఆమె జ్ఞాపకశక్తి కాస్త తగ్గింది. మిగతా సమాజాలవాళ్లు ఆమెను పిలవడం మానేశారు. దర్శకుడు జోగారావు మాత్రం, ఆ ఏడు నాటక పరిషత్తు పోటీకి తయారుచేస్తున్న నాటకంలో ముఖ్యమైన వేషం ఆమెకే ఇచ్చాడు. ఒక హత్యను కళ్లారా చూసిన ముసలి సాక్షి వేషం అది. కోర్టు బోనులో నిలబడి ఆమె చెప్పే పెద్ద ప్రసంగమే నాటకానికి ప్రాణం.

"జోగారావు గారూ, ఇది కుదిరితే మళ్లీ నలుగురూ పిలుస్తారండి. కుదరకపోతే ఇక ముఖానికి రంగు వేసుకోను" అంది హైమావతి.

కుదరాలంటే మాట అందించేవాడు గట్టిగా ఉండాలి. పోయినేడాది పోటీలో ముకుందం కాగితాల మీద వేసుకున్న టార్చిలైటు న్యాయనిర్ణేతల కంటపడి మార్కులు తగ్గాయి. ఈసారి ఏం చేద్దామని అందరూ రిహార్సల్ గదిలో కూర్చున్నారు. అప్పుడు ముకుందం గొంతు సవరించుకున్నాడు.

"అరచేతిలో పట్టే కంప్యూటర్లు వచ్చాయండి. బుల్లి కీబోర్డు కూడా దానికే ఉంటుంది. లోపల నడిచేది లైనక్స్. పెద్ద పెద్ద ఇంజనీర్లు వాడతారు. తెర వెలుగు ఎంత కావాలంటే అంత తగ్గించుకోవచ్చు. విదేశం నుంచి తెప్పించాలనుకోండి" అన్నాడు.

అతను దాన్ని చూసింది వీడియోల్లో. చేత్తో ముట్టుకున్నది లేదు. లైనక్స్ అంటే కంప్యూటరును నడిపే ఒక పద్ధతి అని విన్నాడు, అంతే.

ఆ నాటకంలో లాయరు వేషం వేస్తున్న నీరజ బడిలో టీచరు. ఆమె అడిగింది: "ఫోన్లో పెట్టుకుని చదివితే సరిపోదాండి?"

"ఫోనా! మధ్యలో ఎవడో లోను కావాలా అని ఫోను చేస్తే? సాక్షి బోనులోంచి హైమావతి గారు లోనుకు దరఖాస్తు పెట్టాలా?" అన్నాడు ముకుందం.

గది గొల్లుమంది. "ఫోన్లు రాకుండా ఆపుకోవచ్చు కదండి" అని నీరజ అన్న మాట ఆ నవ్వుల్లో కలిసిపోయింది. ముకుందం చెప్పిన ధర విన్న జోగారావు మాత్రం నవ్వలేదు. "ఆ సొమ్ము పెడితే ఇంట్లోకి పెద్ద ఫ్రిజ్జు వస్తుందయ్యా బాబూ!" అన్నాడు.

హైమావతి ముకుందం వైపు తిరిగింది. "ముకుందం గారూ, మీరు దాన్ని వాడి చూశారా? అంత పోసి కొనదగ్గదేనంటారా?" అని అడిగింది.

పరీక్ష అంటూ వస్తే ఇదే. 'వాడలేదండి, నాకు తెలియదు' అంటే అయిపోయేది. ఒకరిద్దరు చిన్నగా నవ్వేవారేమో, టీ వచ్చేసరికి మరిచిపోయేవారు. కాని ముకుందానికి ఆ చిన్న నవ్వంటేనే భయం.

"లైనక్స్ నాకు కొట్టిన పిండండి. కళ్లు మూసుకుని కొనెయ్యొచ్చు" అన్నాడు.

"మీరంటే చాలు. నేనే తెప్పిస్తాను. ఈ తిప్పలన్నీ నా మరుపు కోసమే కదండి" అంది ఆమె. డాబా కారుతుంటే బాగుచేయించుకోవడానికి ఆమె దాచుకున్న సొమ్ము అలా యంత్రం కిందకి పోయింది.

పార్సిలు వచ్చింది. ముకుందం దాన్ని ఇంటికి తీసుకెళ్లి తలుపు వేసుకుని తెరిచాడు. వీడియోలో కనబడ్డ రంగుల బొమ్మలేవీ రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చి, ఏదో ఆజ్ఞ ఇవ్వమన్నట్టు ఆగిపోయాయి. ఎలాగో కుస్తీ పట్టి నాటకం ప్రతిని అందులోకి ఎక్కిస్తే, తెలుగు అక్షరాలు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు వరసగా కనబడ్డాయి. యంత్రం చెడ్డదని కాదు. దాన్ని ఎరిగినవాళ్ల చేతిలో అది ఎన్నో పనులు చేస్తుందట. ఇతనికి మాత్రం దాన్ని దారికి తెచ్చుకోవడం చేతకాలేదు. చివరికి తన ఫోనుతో కాగితాలన్నిటికీ ఫొటోలు తీసి, ఆ ఫొటోలను అందులో పెట్టుకున్నాడు.

ఫోను వద్దని నవ్వించి, ఫోనుతోనే గట్టెక్కాడు. ఆ సంగతి అతనికీ తట్టింది, మింగేశాడు.

"ఎలా ఉందండి?" అని నీరజ అడిగితే, "అద్భుతం!" అన్నాడు.

రిహార్సళ్లు సాఫీగానే సాగాయి. యంత్రంలో చార్జింగు తొందరగా దిగిపోతోందని అతను ఎప్పుడూ గోడకున్న ప్లగ్గుకి తీగ తగిలించే ఉంచేవాడు. పైగా నాటకాలవాళ్ల అలవాటు ఒకటుంది. రిహార్సల్లో మాటలు గబగబా ఒప్పగించుకుంటారు. ఆగాల్సిన చోట ఆగరు. ఆ ఆగడమంతా ప్రేక్షకుల ముందుకని దాచుకుంటారు.

హైమావతికీ అతనికీ మధ్య ఒక సైగ ఉండేది. మాట అందకపోతే ఆమె పైట చెంగుతో కన్ను ఒత్తుకునేది. చూసేవాళ్లకు అది ఏడుపులా ఉండేది, ముకుందానికి మాత్రం పిలుపు.

పోటీ రోజు వచ్చింది. పక్క ఊళ్లో హాలు నిండిపోయింది. బోనులోకి వెళ్లబోతూ హైమావతి, "కాగితాలు కూడా తెచ్చుకున్నారు కదండీ?" అని అడిగింది.

"ఇంకా కాగితాలేంటండి!" అన్నాడు ముకుందం.

పక్కతెర దగ్గర ప్లగ్గు లేదు. ఉండాలని అతనికి తోచనూ లేదు. చార్జింగు నిండుగా ఉంది కదా అనుకున్నాడు. తీగ లేనప్పుడు, కాసేపు ముట్టుకోకపోతే ఆ యంత్రం దానంతటదే తెర ఆర్పేసుకుంటుందని అతనికి తెలియదు. తీగ లేకుండా ఎన్నడైనా వాడితే కదా తెలిసేది!

హైమావతి బోనులో నిలబడింది. లాయరు వేషంలో ఉన్న నీరజ, "చెప్పమ్మా, ఆ రోజు నువ్వేం చూశావు?" అని అడిగింది.

"నేను చూశాను" అంది హైమావతి. అని ఆగింది.

ఎంత బాగా ఆగిందంటే, హాల్లో దగ్గేవాళ్లు కూడా దగ్గు ఆపుకున్నారు. వెనక వరుసల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, హాలంతా అందుకుంది. ఆ చప్పట్లు ఆగేదాకా ఆమె కదల్లేదు. అప్పుడు ప్రసంగం మొదలుపెట్టాలి. మొదటి మాట రాలేదు. పైట చెంగు కంటి దగ్గరికి వెళ్లింది.

ముకుందం చేతిలోకి చూసుకున్నాడు. తెర చీకటిగా ఉంది.

మీట నొక్కాడు. వెలుగు వచ్చి పాస్‌వర్డ్ అడిగింది. బఠాణీ గింజలంత మీటల మీద అతని వేళ్లు ఒకటి నొక్కబోతే రెండు నొక్కుకుపోయాయి. తప్పు అంది యంత్రం. మళ్లీ కొట్టాడు. మళ్లీ తప్పు అంది. ఆ ప్రసంగం అతను ఎన్నోసార్లు చదివినదే, కాని ఆ కంగారులో ఒక్క ముక్క గుర్తు రాలేదు. హైమావతి చెంగు కంటి మీదే ఉంచుకుని నిలబడింది. కాసేపటికి నిజంగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరిచిపోయిందిరోయ్!" అని ఎవడో అరిచాడు. హాలు నవ్వింది.

నీరజ తెలివిగా, "సాక్షికి ఒంట్లో బాగాలేనట్టుంది, యువరానర్" అని తర్వాతి ఘట్టానికి దాటించింది. నాటకం పూర్తయింది. ప్రాణంలాంటి ఆ ప్రసంగం మాత్రం పోయింది.

తెర పడ్డాక న్యాయనిర్ణేతల్లో పెద్దాయన మైకు పట్టుకున్నాడు. "హైమావతి గారంటే మాకెంతో గౌరవం. కాని వయసు వచ్చాక విశ్రాంతి తీసుకోవడం కూడా ఒక కళే" అన్నాడు.

హైమావతి చేతులు జోడించింది. "నిజమేనండి. నాదే పొరపాటు. మరిచిపోయాను" అంది.

ముకుందం యంత్రాన్ని జేబులో పెట్టుకుని పక్కతెర చాటునే నిలబడ్డాడు. అడుగు ముందుకు వేసి ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

తిరుగు ప్రయాణానికి అందరూ వ్యానెక్కారు. హైమావతి ముందుకు వంగి, "ముకుందం గారూ, కంగారులో అది కిందేమీ పడలేదు కదండి? బాగానే ఉందా?" అని అడిగింది.

బాగానే ఉందని తలూపాడు. తిట్టి ఉంటే అతనికి ఏదో ఒక జవాబు దొరికేది. ఈ మాటకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు వాన. జోగారావు కనబడి, హైమావతి మేకప్పు పెట్టె నీరజకు ఇచ్చేసిందని చెప్పాడు. ముకుందానికి అన్నం సహించలేదు. గొడుగైనా లేకుండా ఆమె ఇంటికి వెళ్లాడు. ముందు గదిలో డాబా కారుతోంది. కింద బకెట్టు, పక్కన గిన్నె, ఇంకో మూల బిందె. గుమ్మంలోనే నిలబడి, ఆ చుక్కల చప్పుడు మధ్యే అతను నోరు విప్పాడు. తెర ఆరిపోవడం, పాస్‌వర్డు, డబ్బాలు, ఫొటోలు, అన్నీ చెప్పేశాడు.

హైమావతి కేకలు వేయలేదు. "మీకు తెలియదని ముందే అంటే, ఆ ప్రసంగం ఎలాగోలా బట్టీ పట్టేదాన్ని కదండి. నీరజ చేత రోజూ చదివించుకునేదాన్ని. మీరున్నారు కదా అని వదిలేశాను" అంది.

ముకుందం తల వంచుకున్నాడు. "క్షమించండమ్మా" అన్నాడు.

"నాకు చెబితే ఏం లాభం? నవ్వినవాళ్లు ఇక్కడ లేరు కదండి" అంది ఆమె.

పరిషత్తు చివరి రోజున బహుమతులు ఇస్తున్నారు. ముకుందం హైమావతిని బతిమాలి తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. తను నిర్వాహకులను అడిగి వేదిక ఎక్కాడు. ఇన్నేళ్లు ఆ వేదిక పక్కనే బతికినవాడు, దాని మధ్యకు రావడం అదే మొదలు. జేబులోంచి యంత్రం తీసి అందరికీ చూపించాడు.

"ఆవిడ మరిచిపోవడం నేరం కాదండి. గుర్తు చేయడానికే నేనున్నాను. ఆ సమయానికి ఇది ఆరిపోయింది. ఇది కొనమని చెప్పింది నేనే. ఆవిడ నన్ను అడిగారండి, వాడి చూశారా అని. అప్పుడు నేను... ఇది నాకు..."

అక్కడ ఆగిపోయాడు. హాలంతా అతని మొహంలోకి చూస్తోంది. ఎక్కడో కిసుక్కుమన్నారు. ఆ ఒక్క మాట మాత్రం నోటికి రాలేదు. అతను చేత్తో కన్ను ఒత్తుకున్నాడు.

ముందు వరుసలోంచి, అతనికి మాత్రమే వినబడేటంత మెల్లగా, హైమావతి మాట అందించింది.

"తెలియదు."

"తెలియదండి. ఇది నాకు తెలియదు. తెలుసని అబద్ధం చెప్పాను" అన్నాడు ముకుందం. ఇక అతని కన్నీళ్లు ఆగలేదు.

న్యాయనిర్ణేతల్లోని ఆ పెద్దాయన లేచి హైమావతికి నమస్కారం పెట్టాడు. బహుమతి మాత్రం వేరేవాళ్లకే వెళ్లింది. జోగారావు ఆమె కోసం మరో నాటకం వెతికాడు, ఆమె మేకప్పు పెట్టె తిరిగి తెచ్చుకుంది. కాని ఆ సాయంత్రం ఆమె చెప్పాల్సిన ప్రసంగం మళ్లీ అదే హాల్లో చెప్పే అవకాశం రాలేదు. డాబాను ముకుందం తన సొమ్ముతో బాగుచేయించాడు. అందుకు ఎవరైనా మెచ్చుకోబోతే అక్కడినుంచి లేచిపోయేవాడు.

ఆ తర్వాత కూడా జనం అతన్ని అడుగుతూనే ఉండేవారు. "ఏవండీ ముకుందం గారూ, ఆ చేతి కంప్యూటరు కొనదగ్గదేనా?" అంటే, "ఏ పనికండి?" అని ముందు అడిగేవాడు. వాళ్లు పని చెప్పాక, "నేను దాంతో ఆ పని చేసి చూడలేదు, నాకు తెలియదండి. చేసి చూసినవాళ్లను అడగండి" అనేవాడు. ఆ మాట అన్న ప్రతిసారీ అతని చెవులు ఎర్రబడేవి, అయినా అనేవాడు.

నీతి: తెలియదని ఒప్పుకోవడం మనకు చిన్న సిగ్గు, తెలుసని బొంకితే మనల్ని నమ్మినవాళ్లు నలుగురిలో తల వంచుకోవాల్సి వస్తుంది.