కొట్టుగదిలో వకుళ

అనగనగా మూడు కొండల అవతల ఓ చిన్న కోట. ఆ కోటకి కోడలై వచ్చింది వకుళ. పెళ్లైన పదోరోజునే మొగుడు సరిహద్దు కాపలాకి వెళ్లిపోయాడు. ఇహ అంత కోటలో ఆ పిల్లని పలకరించే నాథుడు లేడు. ఊ కొడుతున్నారా?

పెళ్లిపీటల మీదే ఆడబిడ్డ వరసావిడెవరో పిల్ల బొద్దుగా ఉందని నవ్విందిట. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది వకుళకి. అందరి ముందూ నాలుగు మెతుకులు కతికి లేచిపోయేది. మధ్యాహ్నం కోటంతా కునుకు తీసే వేళ కొట్టుగదిలో దూరేది. ఓ సున్నుండ, ఇంకో సున్నుండ, ఆపైన అరిసెలు, అవయ్యాక బెల్లంగడ్డ, అదయ్యాక వట్టి అటుకులు. రుచీ తెలిసేది కాదు, చెయ్యీ ఆగేది కాదర్రా! కడుపు నొప్పెట్టాక కూర్చుని ఏడ్చేది. రేపు పచ్చి మంచినీళ్లైనా ముట్టనని ఒట్టు పెట్టుకునేది. పస్తుంటే ఆకలి, ఆకలైతే కొట్టుగది, కొట్టుగదైతే ఏడుపు, ఏడుపైతే మళ్లీ పస్తు.

కొట్టుగదిలో జాడీలు ఖాళీ అవుతుంటే కోటలోవాళ్లు దయ్యమన్నారు. భూతవైద్యుడొచ్చి వేపమండలతో గదంతా బాది పోయాడు. మర్నాడు మళ్లీ జాడీ ఖాళీ! దాంతో రాణిగారు, అదే, వకుళ అత్తగారు, వంటమనిషి నాంచారమ్మే దొంగని తేల్చేసి, కోట దాటి పొమ్మన్నారు.

ముసలావిడ మూట కట్టుకుంటుంటే వకుళ చూసింది. తిన్నగా వెళ్లి అత్తగారి ముందు నిలబడింది.

"నాంచారమ్మ కాదత్తయ్యా. నేనే తిన్నాను. ఆపుకుందామన్నా ఆగట్లేదు."

నాంచారమ్మ వెనకాలే వచ్చింది. మూట కిందపెట్టి మెల్లిగా అడిగింది. "అమ్మాయిగారూ, ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ఏం చేస్తారు?"

వకుళ ఉన్నమాట చెప్పేసింది.

"కొట్టుగదికి వెళ్తాను."

రాణిగారు వైద్యురాలిని పిలిపించారు. ఇది కక్కుర్తీ కాదు, దయ్యమూ కాదు, జబ్బేనందావిడ. ఎగతాళి, పస్తులు, ఒంటరితనం కలిసి తెచ్చిన జబ్బు. పస్తులు మాన్పించి వేళకి పెట్టండి, ఆ పిల్ల ఒంటి గురించి ఎవరూ నోరెత్తకండి, పక్కన ఎవరో ఒకరు ఉండండి అని చెప్పింది.

ఆ మధ్యాహ్నం నుంచీ రాణిగారే కోడలి పక్కన కూర్చున్నారు. ఓ రోజు, "కొత్తలో నేనూ ఈ గోడలతోనే మాట్లాడేదాన్నే" అన్నారు రాణిగారు. వకుళ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఒక్కరోజులో తగ్గిపోయిందనుకునేరు! మళ్లీ కొట్టుగదికి వెళ్లిన రోజులున్నాయి. ఎవరూ తిట్టలేదు. రానురానూ ఆ రోజులు పల్చబడ్డాయి. నాంచారమ్మ వంటింట్లోనే ఉంది, మొగుడూ క్షేమంగా తిరిగొచ్చాడు. అంతా చల్లగా ఉన్నారు.

ఎవరి తిండినీ చూసి నవ్వకండమ్మా. పక్కన కూర్చుని పలకరించండి. కథేమో కంచి బాట పట్టింది, ఇక మనం దుప్పట్లో దూరదాం.