తలుపు మీది సుద్దగీత

బొండా గవరయ్య మేస్త్రిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు. చెవిమీంచి సుద్దముక్క తీస్తాడు. గాజువాకలో ఆయన షెడ్డు ముందు లారీ ఆగితే, డ్రైవరు కాలు కింద పెట్టకముందే బండి రోగం కనిపెట్టేస్తాడు. అదీ ఇంజన్ చప్పుడు విని కాదు, డ్రైవరు హారన్ కొట్టిన తీరు విని. తుఫానులో లోయ అంచున వేలాడిన బస్సుని ఒక్క జాకీతో, రెండు చుట్టలు కాలేలోగా రోడ్డెక్కించాడు. ఆ జాకీ కూడా అరువుదే. అంతటివాడు, ఏ శిష్యుడికీ ఒక్క ముక్క విడమరిచి చెప్పిన పాపాన పోలేదు.

లోవరాజు తొమ్మిదేళ్ళుగా ఆ సుద్దగీతలే చదువుకుంటున్నాడు. ఇన్నాళ్ళకి అతని చేతికి ఒక బండి వచ్చింది. కంటి డాక్టరు మృణాళినిగారి ఎర్ర స్పోర్ట్స్ కారు, టాపు వెనక్కి మడిచేసే రకం. ఆదివారం ఆవిడ పాత కార్లవాళ్ళతో కలిసి అనంతగిరి ఘాట్ ఎక్కాలి. పైకప్పు లేని కారుకి ఒళ్ళు వదులు. గతుకులో పడితే అద్దం వణుకుతుంది, తలుపులు కిర్రుమంటాయి. ఆ ఒళ్ళు గట్టిపరచాలి. ఈ పని నెగ్గితే షెడ్డు బోర్డు మీద తన పేరు కింద లోవరాజు పేరు రాయిస్తానని మేస్త్రి నలుగురి ముందూ అన్నాడు. లోవరాజు అప్పటికే ఆ బోర్డు మీద జాగా ఎంతుందో జేనతో కొలిచి చూసుకున్నాడు.

శనివారం పొద్దున్న గోనెపట్టా పరిచి, దానిమీద మూడు స్ట్రట్ బ్రేసులు, అంటే కారు ఒంటిని కదలకుండా పట్టి ఉంచే బద్దలు, పెట్టాడు. ఒకటి ఇంజన్ మీదుగా రెండు భుజాలనీ కలిపే ఇనపబద్ద, అద్దంలా మెరిసిపోతోంది. ఒకటి సీట్ల వెనక బిగించేది. మూడోది కారు కడుపు కింద వేసేది. నల్లగా, మొద్దుగా, గేదె ఎముకలా ఉంది.

"గురువుగారూ, వీటిలో ఏది వెయ్యమంటారు?"

మేస్త్రి చుట్ట పక్కన పెట్టి లేచాడు. నేలమీద నిలబడున్న కారు తలుపు మూసి, తలుపు మీంచి సందు దాటి కారు ఒంటిమీదకి ఒక అడ్డగీత గీశాడు. అటు తలుపుకీ అలాగే గీశాడు. వచ్చి మళ్ళీ చుట్ట అందుకున్నాడు. జవాబు అయిపోయింది.

లోవరాజుకి అది అందలేదు. మళ్ళీ అడగడానికి నామోషీ. ఒకటి మంచిదయితే మూడు మరీ మంచివి కదా అనుకుని, కారుని లిఫ్టు మీద పైకెత్తి, నాలుగు చక్రాలూ గాలిలో వేలాడుతుండగా మూడూ బిగించేశాడు. ఎంత బిగించాడంటే, ఆ బోల్టులు విప్పడానికి దేవుడు ఇంకో అవతారం ఎత్తాలి.

కారు కిందికి దించాడు. తలుపు పడలేదు. భుజం పెట్టి తోస్తే పడింది గానీ, సుద్దగీత మధ్యకి విరిగి, తలుపు మీది ముక్క గోరుమందం కిందికి జారిపోయింది. నాలుగింటికి డాక్టరుగారు వచ్చేస్తారు. తలుపు కొక్కేన్ని ఆకురాయితో కాస్త రాసేస్తే పని జరిగిపోతుంది. గీతదేముంది, గుడ్డతో తుడిస్తే పోతుంది. అతను ఆకురాయి ఎత్తేసరికి, దానిమీద మేస్త్రి చెయ్యి పడింది.

"తలుపేటి సేసిందిరా నిన్ను?"

ఆ మాట అంటుండగానే డాక్టరుగారు లోపలికొచ్చారు. ఆవిడ చూపు నేరుగా గీతమీద పడింది.

"ఇదేమిటి మేస్త్రిగారూ, నా కారుకి మెల్లకన్ను వచ్చిందే! ఎవరు బిగించారు?"

మేస్త్రి షెడ్డు రేకుల్ని లెక్కపెడుతున్నవాడిలా పైకి చూశాడు. మిగతా పనివాళ్ళిద్దరూ టీకి వెళ్ళారు; ఎవరి పేరు చెప్పినా కాదనేవాళ్ళు లేరు. బోర్డు మీద తను కొలుచుకున్న జేనెడు జాగా లోవరాజు కళ్ళముందు కదిలింది.

"నేనేనండీ. గాల్లో ఉండగా బిగించేశాను. తలుపుని అరగదీసి మీకు తెలీకుండా చేద్దామనుకున్నాను కూడా."

మేస్త్రి చుట్ట ఆర్పేశాడు. కారుని, బండి కింద నిలబడి పనిచేసుకునే గొయ్యి మీదకి అతని చేత తోయించాడు. "డాక్టరమ్మా, మీ సీట్లో మీరు కూసోండి," అని, పక్క సీట్లో తాను ఎక్కి కూర్చున్నాడు. ఇద్దరి బరువుకీ కారు కాస్త కుంగింది. లోవరాజుకి వేలితో గొయ్యి చూపించాడు.

లోవరాజు ముందు పైబద్దలు రెండిటివీ, తర్వాత గొయ్యిలోకి దిగి నల్లబద్దవీ ఒక్కొక్క బోల్టే వదులు చేశాడు. గాల్లో వంకరగా బిగుసుకున్న ఒళ్ళు చక్రాల మీది బరువుకి సర్దుకుని, పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలినట్టు కారు మూలిగింది.

"గీత కలిసింది!" అన్నారు పైనుంచి డాక్టరుగారు.

అతను బయటికొచ్చి, గతుకు ఎక్కినట్టు ఒక చక్రాన్ని జాకీతో లేపి కింద చెక్కదిమ్మ తోశాడు. గీత విరిగింది. దిమ్మ తీసి, గొయ్యిలోకి దిగి నల్లబద్ద బిగించి, మళ్ళీ దిమ్మ పెట్టాడు. గీత చెక్కుచెదరలేదు. దానికి తోడు మెరిసేది బిగించినా అంతే, తీసినా అంతే. సీట్ల వెనకదీ అంతే. పైన మేస్త్రి ఒక కునుకు తీశాడు. ఆ కునుకులోనే ఏ బోల్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క చెప్పగలడు, అది వేరే సంగతి. మెరిసే బద్ద ఆ సాయంత్రం నుంచి గోడకెక్కి, తువ్వాళ్ళు ఆరేసుకునే కమ్మీ అయింది.

ఆదివారం పొద్దుగూకకముందే డాక్టరుగారు ఘాట్ దిగి వచ్చారు. తలుపు టక్కున తెరుచుకుంది. కొండమీది మంచుకి సుద్దగీత సగం చెరిగిపోయింది. మిగిలిన సగం తిన్నగా ఉంది.

మర్నాడు పెయింటరు నిచ్చెన వేసుకుని బోర్డు దగ్గర నిలబడ్డాడు. లోవరాజు పరుగున వచ్చి మేస్త్రి ముందు చేతులు కట్టుకున్నాడు.

"బండి పాడు చేసినవాణ్ణి, నా పేరెందుకండీ గురువుగారూ?"

మేస్త్రి సుద్దముక్క చెవిమీదే ఉండనిచ్చాడు.

"శనివారం పొద్దున్న రాయించుంటే, గాల్లో బిగించినట్టుండేదిరా. ఇప్పుడు నువ్వు నేలమీదున్నావు."