ఉడత విప్పిన ముడులు

అనగనగా, అంటే మరీ తాతల కాలమేం కాదు, ఒక అడవిలో ఒక వాగు ఉండేది. పొద్దున్నుంచి పని చేసి వచ్చాను పిల్లలూ, ఓపిక లేదు. మధ్యలో ప్రశ్నలు వేయకుండా వినండి.

వాగుకు ఈ ఒడ్డున చింతపిక్కలు చెల్లేవి. ఆ ఒడ్డున గవ్వలు చెల్లేవి. వారానికోసారి వాగు మధ్య ఇసుకదిబ్బ మీద రెండింటినీ మార్చుకునే సంత జరిగేది. అవతల తేనె బాగా దొరికితే, అది కొనడానికి అందరికీ గవ్వలు కావాలి, కాబట్టి గవ్వ ధర పెరిగేది. తేనె లేకపోతే గవ్వను అడిగే దిక్కుండేది కాదు. ఒక కొంగ బండరాయి మీద నిలబడి సాయంత్రం దాకా ధర అరిచి చెప్పేది.

చుక్కమ్మ అనే ఉడతకు ఇద్దరు పిల్లలు. వానాకాలం తిండిగింజలు కొనడానికని వంద చింతపిక్కలు తొర్రలో దాచుకుంది. తానూ సంతకు వస్తానంటే, ముళ్ళయ్య అనే ముసలి ఏదుపంది అక్కడి ఆచారం చెప్పాడు. గవ్వ కొనగానే గడ్డిపరకకు ముడులు వేసుకోవాలి. ఎనిమిది ముడులు వేస్తే, ధర ఎనిమిది పిక్కలకు పడగానే అమ్మేసి ఇంటికి పోవాలి. పోయినా ఏడవనన్ని పిక్కలే తెచ్చుకోమని కూడా చెప్పాడు.

మొదటి సంతలో చుక్కమ్మ పది పిక్కలకు ఒక గవ్వ కొని పన్నెండుకు అమ్మింది. రెండో సంతలో ఇరవై పిక్కలు ఇరవై ఆరయ్యాయి. ఆ లాభంతో పిల్లలకు జామపళ్ళు కొంది. అయినా వంద పిక్కలూ పెట్టి ఉంటే ఎంత వచ్చేదో అని దారి పొడుగునా కుమిలింది. చూడండి, లాభమొచ్చినా ఏడుపే.

మూడో సంతకు తొర్ర ఊడ్చి వంద పిక్కలూ తెచ్చి, పదేసి పిక్కలకు ఒకటి చొప్పున పది గవ్వలు కొంది. పరకకు ఎనిమిది ముడులు వేసింది. మధ్యాహ్నానికి అవతలి తేనెటీగలు పట్టు వదిలి లేచిపోయాయని కబురొచ్చింది. కొంగ తొమ్మిదంది. కాసేపటికి ఎనిమిదంది.

ముళ్ళయ్య తన రెండు గవ్వలూ అమ్మేసి లేచాడు. "పదమ్మా, మన ముడి వచ్చేసింది," అన్నాడు.

"కాసేపాగితే పెరుగుతుందిలే మావయ్యా," అని చుక్కమ్మ రెండు ముడులు విప్పింది. ధర ఆరుకు పడింది. ఇప్పుడు అమ్మితే అంతా పోయినట్టేనని ఇంకో రెండు విప్పింది. నాలుగుకు పడింది. మిగిలినవీ విప్పేసింది. పొద్దు వాలేసరికి గవ్వ మూడు పిక్కలు. అన్నీ అమ్మేస్తే చుక్కమ్మ చేతిలో మిగిలినవి ముప్పై పిక్కలు.

ఆమె కోసం అప్పటిదాకా ఆగిన ముళ్ళయ్య కోప్పడలేదు. ఇలాంటివి చూసి చూసి అతనికి విసుగు కూడా పోయింది.

"నేనూ ఈరోజు ఓడానమ్మా," అన్నాడు. "కానీ వచ్చే సంతకు మళ్ళీ రాగలను."

ఆ వానాకాలమంతా చుక్కమ్మ తడుస్తూ రాలిన కాయలు ఏరింది. పిల్లలు అరకడుపుతో పడుకునేవారు. ఒకరోజు పెద్దపిల్ల, ఆ ఎండు గడ్డిపరకను ఎందుకు దాచావని అడిగింది. ముడులు పోయినా వాటి మడతలు పరక మీద అలాగే ఉన్నాయి.

చుక్కమ్మ చివరిదైన ఎనిమిదో మడత చూపించింది. "ఇక్కడ ఆగి ఉంటే నువ్వు ఈరోజు కడుపునిండా తినేదానివి," అంది.

నీతి: పోయినా తట్టుకోగలిగినంతే పెట్టాలి, ఎక్కడ ఆగాలో ముందే అనుకున్నాక, నష్టం మధ్యలో ఆ మాట మార్చుకోకూడదు.