ముడుచుకున్న కుందేలు కొలత

అనగనగా ఒక అడవి ఉండేది. ఆ అడవికి పెద్ద దిక్కు గున్నమ్మ అనే ఏనుగు. పేరు విని పిల్ల ఏనుగు అనుకునేరు! చిన్నప్పుడు పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. మనవలూ మునిమనవలూ పుట్టినా ఆమె గున్నమ్మే.

ఒక ఏడు వానలు కుండపోతగా కురిశాయి. వాగు పొంగింది. గట్టు మీద కుందేళ్ల బొరియలన్నీ నీళ్లతో నిండిపోయాయి. పాపం, కుందేళ్లు పిల్లల్ని వెంటేసుకుని ఒక ఎత్తైన బండ మీదికి చేరాయి. ఆ సంగతి నక్కకు తెలియకుండా ఉంటుందా? బండ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

గున్నమ్మ ఇది చూసింది. వెంటనే ఒక చట్టం చేసింది.

"వానలు తగ్గేదాకా ప్రతి కుందేలుకూ నక్క మూతి దూరని గూడు కట్టాలి. అది ఆ కుందేలుకు చాలినంత ఉండాలి. అంతకు తగ్గితే నేను ఒప్పుకోను" అంది.

చాలినంత అంటే ఎంత? అది తేల్చే పని డిప్పయ్య అనే తాబేలుకు అప్పజెప్పింది. డిప్పయ్య చాలా పెద్దవాడు. అడవంతా అతన్ని తాతా అనే పిలిచేది. ఎవరి దగ్గరా ఒక్క పండు కూడా పుచ్చుకోని నిజాయితీపరుడు. గూడు బాగుంటే తడి బురదలో కాలు ముంచి తలుపు మీద ముద్ర వేసేవాడు. ఆ ముద్ర పడిందంటే ఇక తిరుగులేదు.

గూళ్లు అల్లడానికి గిజిగాళ్లు వచ్చాయి. "కొలత చెప్పు తాతా" అన్నాయి.

డిప్పయ్య పూటంతా పాకి బండ ఎక్కాడు. అక్కడ పింజి అనే చిన్న కుందేలు కూర్చుని ఉంది. సరిగ్గా అప్పుడే నక్క ఊళ వినిపించింది. పింజి హడలిపోయింది. చెవులు వీపుకు అంటించుకుంది. కాళ్లు పొట్ట కిందికి లాక్కుంది. పిడికెడంత అయిపోయింది.

డిప్పయ్య ఒక పుల్ల పట్టుకుని పింజిని అటూ ఇటూ కొలిచాడు. కిందికీ పైకీ కొలిచాడు.

"ఇదిగో కొలత. పెద్ద కుందేళ్లకు ఇంకో బెత్తెడు కలపండి" అన్నాడు.

డిప్పయ్యను తిట్టకండి పిల్లలూ. అతను పుట్టిన దగ్గర్నుంచీ ఒంటికి అతుక్కున్న ఇంట్లోనే ఉన్నాడు. ఇల్లంటే అలాగే ఉంటుందని అతని నమ్మకం. గూళ్లన్నీ తయారయ్యాయి. అడుగున కూడా పుల్లలే. ఒక్కో గూట్లో ఒక్కో కుందేలును పెట్టి బయటినుంచి తలుపులు మూశారు. అన్ని తలుపుల మీదా బురద ముద్రలు పడ్డాయి.

వారం తర్వాత డిప్పయ్య చూడటానికి వచ్చాడు. పింజి తల్లి జొన్నమ్మ పక్క గూట్లోంచి పిలిచింది.

"తాతా, మా పిల్లకు చెవులు నిలబెట్టడానికి చోటు లేదు."

"మడుచుకోమనమ్మా. నేను తలకాయే లోపలికి లాక్కుంటాను. నాకేమైంది?" అన్నాడు డిప్పయ్య.

రెండో వారం మళ్లీ వచ్చాడు.

"తాతా, పిల్ల గెంతలేకపోతోంది. అరికాళ్లు పుల్లలకు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి."

"ఇంట్లో గెంతులెందుకమ్మా? ఇన్నేళ్లలో నేనొక్కసారైనా గెంతానా?"

మూడో వారం జొన్నమ్మ మళ్లీ పిలిచింది.

"తాతా, పిల్ల మేత ముట్టడం లేదు. ఒక్కతే భయపడుతోంది. దాన్ని నా పక్కన పడుకోనివ్వు. ఒక్కసారి తలుపు తీసి చూడు, నీ కాళ్లు మొక్కుతాను."

డిప్పయ్య తలుపు దాకా వెళ్లాడు. తన ముద్ర చూసుకున్నాడు. తలుపు తీస్తే తను తప్పు ముద్ర వేశానని ఒప్పుకున్నట్టేగా! "ముద్ర పడిన గూడు అది. బాగానే ఉంటుంది" అని వెనక్కి తిరిగాడు.

పిల్లలూ, అప్పుడైనా డిప్పయ్య తలుపు తీసి చూడాల్సింది. తెలియక కొలిచింది పొరపాటు. చెప్పినా చూడకపోవడం తప్పు.

ఇంకో వారానికి వాగు కాస్త తీసింది. పచ్చిక మేయడానికి కుందేళ్లను వదలమంది గున్నమ్మ. తలుపులు తెరిచారు. కుందేళ్లు తూలుతూ బయటికొచ్చాయి. వాటి వెనకే డిప్పయ్య కూడా మెల్లగా గడ్డి కొరుక్కుంటున్నాడు.

ఉన్నట్టుండి పొదలోంచి నక్క దూకింది.

పెద్ద కుందేళ్లు కుంటుకుంటూ చెట్ల సందుల్లో దూరాయి. పింజి మాత్రం ఒక్క గెంతు గెంతి పడిపోయింది. మళ్లీ లేచింది. మళ్లీ పడింది. పొట్ట మీద పాకి బండ కింద చిన్న నెర్రెలో దూరింది. నక్క వస్తూనే ఉంది.

డిప్పయ్యకు గెంతడం రాదు గానీ, ఆ నెర్రెకు అతను రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. గబుక్కున వెళ్లి దానికి అడ్డంగా ఇరుక్కుని, తలా కాళ్లూ లోపలికి లాక్కున్నాడు. నక్క డిప్పను కొరికింది. గోళ్లతో గీకింది. పళ్లు నొప్పెట్టాయే తప్ప డిప్ప కదల్లేదు. ఇంతలో గున్నమ్మ ఘీంకారం వినపడింది, నక్క తోక ముడిచింది.

నెర్రెలో పింజి వణుకుతోంది.

"తాతా, నా కాళ్లేమయ్యాయి?" అని అడిగింది.

డిప్పయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "నక్క తినకముందే నేను తినేశానమ్మా."

"నువ్వు గడ్డే కదా తాతా తింటావు!" అంది పింజి.

ఆ మాటకు ముసలివాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడ్చి, మొదటి రోజే అడగాల్సిన మాట అప్పుడు అడిగాడు.

"నీకు ఎంత చోటు కావాలమ్మా?"

పింజి ఆలోచించింది. "మూడు గెంతులు తాతా. చెవులు నిలబెట్టాలి. కాళ్లు చాపుకుని పడుకోవాలి. కింద మెత్తగా ఉండాలి. భయమేస్తే దాక్కోవడానికి ఒక మూల ఉండాలి. పక్కన అమ్మ ఉండాలి."

డిప్పయ్య గున్నమ్మ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు.

"చాలినంత అని నేనూ ఊరికే అనేశాను. ఎంత చాలుతుందో వాళ్లను అడగలేదు" అంది గున్నమ్మ.

పింజి చెప్పిందంతా చట్టంలోకి ఎక్కించింది. ఇంతకు ఒక్క వెంట్రుకవాసి తగ్గకూడదు, ఎక్కువైతే మంచిదే అంది. ఆ రోజే పాత గూళ్లను తొక్కి పారేసింది.

వానలు ఇంకా అయిపోలేదు. గిజిగాళ్లు తొందరపడ్డాయి. "మబ్బు పట్టింది తాతా, పింజి గెంతు ఎంతో చెప్పు" అన్నాయి.

పింజి గెంతింది. బెత్తెడు కూడా పడలేదు.

"ఇది దాని గెంతు కాదు. ఆగండి" అన్నాడు డిప్పయ్య.

"వాన వస్తే?"

"వస్తే నేను కాపలా ఉంటాను" అంది గున్నమ్మ.

అలాగే ఉంది. రాత్రీ పగలూ వానలో తడుస్తూ కుందేళ్ల బండ దగ్గర నిలబడింది. జొన్నమ్మ పింజి పుండ్లు నాకి శుభ్రం చేసేది. డిప్పయ్య రోజూ ఎండుగడ్డి మోసుకొచ్చి పింజి కాళ్ల కింద పరిచేవాడు. పింజి ఒక రోజు బెత్తెడు గెంతింది. ఒక రోజు జానెడు. ఒక రోజు ఏమీ లేదు, పడుకునే ఉంది. ఆ రోజు డిప్పయ్య కూడా గడ్డి ముట్టలేదు.

పదో రోజు ఎండ కాసింది. పింజి వెనక్కాళ్ల మీద లేచింది. రెండు చెవులూ నిటారుగా పెట్టింది. ఒక గెంతు, రెండు గెంతులు, మూడో గెంతు గెంతింది. అది దిగిన చోట గీత గీయడానికి ఒక గిజిగాడు రివ్వున వాలాడు.

"ఆగు నాయనా, ఇంకోటి గెంతుతుందేమో చూద్దాం" అన్నాడు డిప్పయ్య.

గెంతింది.

నీతి: భయంతో ముడుచుకున్నవాళ్లను చూసి వాళ్లకు అంతే చోటు చాలనుకోకూడదు. ఇల్లు ఎవరికో, కొలత వాళ్లనే అడగాలి.