రాజుగారి కంటి ఎత్తు గూడు

ఈమధ్య ఏది ముందో ఏది వెనకో నాకు తారుమారవుతోంది. గుర్తున్నంతలో చెబుతాను.

వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాడు చుక్కయ్య గూళ్లు అల్లేవాడు. గిజిగాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. మగపక్షి సగం అల్లి ఆపాలి. ఆడపక్షి వచ్చి చూసి, నచ్చిందంటేనే మిగతా సగం. లేదంటే అది అలా వేలాడాల్సిందే. చుక్కయ్య పెళ్లాం గోగులమ్మ అంత తేలిగ్గా మెచ్చే రకం కాదు.

ఆమె గుడ్లు పెట్టే వేళకు నక్క తిరపయ్య ఊడిపడ్డాడు. కొత్తగా కళల అధికారి అయ్యాడు మరి.

"ఒరే చుక్కయ్యా! సింహంరాజుగారి ఉత్తర్వు. గూళ్లన్నీ ఇక ఆయన కంటి ఎత్తులోనే ఉండాలి. ఆయన తలెత్తి చూస్తే చిన్నతనం. వాకిలి ఎదురుగా, వెడల్పుగా పెట్టు."

"పాములు దూరతాయి దొరా!"

"పాములకు నేను చెబుతాలే. అల్లకపోతే ఉన్న గూళ్లూ పీకిస్తా."

చుక్కయ్య ఎత్తు లెక్కేసుకున్నాడు. రాజుగారి కంటి ఎత్తంటే నక్క మూతికి అందేంత! అల్లకపోతే గూడుండదు, అల్లితే పిల్లలుండరు.

"కంచే చేను మేయడానికి వచ్చిందే!" అని పెళ్లాం దగ్గర వాపోయాడు.

"ఏడుస్తావేమయ్యా? చెప్పినట్టే అల్లు. సగమే. నేను చూడొద్దూ?" అంది గోగులమ్మ.

అల్లాడు. ఆమె అటూ ఇటూ చూసి, "థూ, నచ్చలేదు" అంది. వాగులోంచి రెండు తెల్లటి గులకరాళ్లు తెచ్చి అందులో పెట్టింది. ఎగిరి వెళ్లి, "మీ ఉత్తర్వు గూడు చూద్దురుగాని రండి" అని రాజును పిలిచింది.

రాజు వచ్చేలోగా తిరపయ్య వచ్చాడు. తెల్లగా కనిపించేసరికి గుడ్లనుకుని ఆగలేక తల దూర్చి కొరికాడు. పటుక్కున పన్ను విరిగింది. వెనక్కి లాగేకొద్దీ గడ్డి మెడకు బిగిసింది.

"ఏం చేస్తున్నావయ్యా?" అంది వచ్చిన సింహం.

"తనిఖీ, ప్రభూ!" గూట్లోంచి వినబడింది.

"నోటితోనా?" సింహం పకపకా నవ్వింది. "ఒరే చుక్కయ్యా, మరి నువ్విందులో కాపురం పెట్టలేదేం?"

"మా ఆవిడకు నచ్చలేదు, ప్రభూ."

సింహం తన గుహవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "మా ఇంట్లోనూ అంతేరా. ఉత్తర్వు రద్దు. నీ ఇష్టమొచ్చిన ఎత్తులో అల్లుకో."

చుక్కయ్య చిటారుకొమ్మన కొత్త గూడు సగం అల్లాడు. గోగులమ్మ చూసి, "వాకిలి ఇరుకు" అని గొణిగింది. గొణుగుతూనే లోపలికెళ్లి కూర్చుంది.

గూటి మీద తీర్పు అందులో గుడ్లు పెట్టేదానిదే, దాని కింద నోరు తెరిచేవాడిది కాదు.

ఒసే సుభద్రా, నక్క తిరపయ్యేనా, గిజిగాడు తిరపయ్యా? మీ అమ్మకూ చిన్నప్పుడు ఇదే చెప్పాను. అడిగి పేర్లు సరిచూడవే.